నాలుగుకీ అయిదుకీ మధ్య

ఆ ఆసుపత్రి లిఫ్టు వెయ్యిన్నొక్కసారి చెడిపోయిందని రికార్డుల్లో ఉంది. ప్రతిసారీ ఒకే చోట చెడిపోయింది. నాలుగో అంతస్తు దాటాక, అయిదో అంతస్తు అందక ముందు. మెకానిక్కు నెలకోసారి వచ్చి, తల గోక్కుని, పైకి చూసి, కిందికి చూసి, తాళ్ళకి ఇంకాస్త గ్రీజు పూసి వెళ్ళేవాడు. ఆ పూసిన గ్రీజు బరువుకే లిఫ్టు నెమ్మదించిందని కిట్టనివాళ్ళు అనేవాళ్ళు. అసలు సంగతి వేరు. ఆ వెయ్యిన్నొక్క సార్లలో లిఫ్టు నిజంగా చెడిపోయింది ఒక్కసారే. మిగతా వెయ్యిసార్లూ దాన్ని కావాలని ఆపింది పెట్టె బాబాయి.

పెట్టె బాబాయి అంటే ఆ లిఫ్టు నడిపే మనిషి. ఆయనకి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి ఉండేది కానీ, హాజరు పుస్తకంలో సంతకానికి తప్ప అది బయటికి వచ్చేది కాదు. డాక్టర్ల దగ్గర్నించి నేల తుడిచే ఆయాల దాకా అందరికీ బాబాయే. ఇంట్లో భార్య కూడా కోపం వస్తే "ఏం పెట్టె బాబాయ్ గారూ" అనేది.

లిఫ్టు చూడటానికి రెండు పెద్ద బీరువాలు పక్కపక్కన నిలబెట్టి తాళ్ళు కట్టినట్టు ఉండేది. స్ట్రెచరు ఒకటి పడుతుంది, దాని పక్కన ఊపిరి బిగపట్టుకుంటే ఇద్దరు మనుషులు పడతారు. ముందు ఇనుప మడత గేటు, పక్క గోడకి ఇత్తడి హ్యాండిలు, హ్యాండిలు ముందు మూడు కాళ్ళ స్టూలు. బాబాయి ఆ స్టూలు మీద జనానికి వీపు పెట్టి కూర్చునేవాడు. పొద్దున ఏడింటికి కూర్చుంటే సాయంత్రం ఆరింటికి లేచేవాడు. ఇరవై ఆరేళ్ళలో ఆయన ఎక్కిన ఎత్తంతా కలిపితే చందమామ దాకా వెళ్ళి, అక్కడ నలుగుర్ని దించి, కింద గంట మోగితే మళ్ళీ వచ్చేయొచ్చు.

గంటకి ఒక లెక్క ఉంది. ఒకసారి మోగితే మామూలు మనుషులు. రెండుసార్లు మోగితే స్ట్రెచరు. ఆ రెండో మోత విన్నాక బాబాయి ఎవరి కోసమూ ఎక్కడా ఆగడు. ఆ ఒక్క విషయంలో ఆయన రాయి.

లిఫ్టు నిజంగా చెడిపోయిన రోజు సంగతి చెప్పాలి. ఆయన ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. ఒక అమ్మాయి ఎక్కింది. అయిదో అంతస్తులో తండ్రి ఉన్నాడు. కింద డాక్టరు ఆమెను గదిలోకి పిలిచి, ఇంక చేసేదేమీ లేదమ్మా అని చెప్పి పంపించాడు. ఆమె పైకి వెళ్ళి తండ్రి ముందు నవ్వాలి. నాలుగు దాటగానే కరెంటు పోయింది. తొమ్మిది నిమిషాలు. ఆరు నిమిషాలు ఆ అమ్మాయి గేటు పట్టుకుని ఏడ్చింది. రెండు నిమిషాలు ఊరికే నిలబడింది. చివరి నిమిషంలో మొహం తుడుచుకుని జడ సరిచేసుకుంది. కరెంటు వచ్చి లిఫ్టు కదలగానే అంది:

"ఇంకాస్త సేపు ఆగి ఉంటే బాగుండేది బాబాయ్."

కింద నుంచి అయిదో అంతస్తుకి యాభై సెకన్లు పడుతుంది. మనిషి మొహం మార్చుకోవడానికి యాభై సెకన్లు చాలవని బాబాయికి ఆ రోజు తెలిసింది. అప్పట్నించి, ఎక్కిన మనిషి ఊపిరి తీరు చూసి, నాలుగు దాటాక హ్యాండిలు మధ్యకి తిప్పేసేవాడు. "పాత లిఫ్టు కదా, అలుపొచ్చింది" అనేవాడు. అంతే. వెనక్కి తిరిగేవాడు కాదు.

అక్కడ గేటు బయట కనిపించేది సున్నం వెయ్యని ఇటుక గోడ. పదిహేడు వరసలు. మాట్లాడేవాళ్ళు ఆ ఇటుకల్ని చూస్తూ మాట్లాడేవాళ్ళు. మొహం కనపడని మనిషి, తిరిగి ఏమీ అడగని గోడ, పైనా కిందా ఎవరూ లేని చోటు. ఇంక నోరు ఆగుతుందా? ఒకాయన, తమ్ముడు తొందరగా పోతే బాగుండునని నిన్న అనుకున్నానని చెప్పాడు. ఒక ముసలాయన, నలభై ఏళ్ళు కాపురం చేసిన భార్య తనని గుర్తుపట్టడం లేదు కానీ నేల తుడిచేవాణ్ణి చూసి మాత్రం సిగ్గుపడుతోందని చెప్పి, నవ్వబోయి, నవ్వలేకపోయాడు. ఒక నర్సు రోజూ ఏమీ చెప్పేది కాదు, ఊరికే ఆగమనేది. అందరికీ బాబాయి ఇచ్చిన జవాబు ఒక్కటే.

"ఊఁ."

ఇంతవరకూ బాగానే ఉంది. అయితే జనానికి ఒక జబ్బు ఉంది, దానికి ఆ ఏడంతస్తుల్లోనూ మందు లేదు. తమ గోడు విన్నవాడికి తమ రోగం కూడా తెలుసనుకుంటారు. మొదట ఎవరో సంచిలోంచి ఎక్స్‌రే తీసి లిఫ్టు బల్బుకి ఎదురుగా పట్టుకుని "చూడు బాబాయ్" అన్నారు. బాబాయికి అందులో ఎముకలూ తెలియవు, మబ్బులూ తెలియవు. "ఊఁ" అన్నాడు. ఆ ఊఁ రెండో అంతస్తుకి వెళ్ళేసరికి "పరవాలేదన్నాడు" అయింది. నాలుగుకి "వారంలో లేచి కూర్చుంటాడన్నాడు" అయింది. ఏడో అంతస్తులో ఒక ముసలావిడ "ఆ మందు ఆపేయమన్నాడటగా" అని నర్సుతో తగువేసుకుంది. ఆయన అనని మాటలు ఆయన పేరున మెట్లెక్కి తిరిగేవి. డాక్టర్లు ఆయన్ని "లిఫ్టు డాక్టరు" అని ఏడిపించేవాళ్ళు.

బాబాయి ఖండించాల్సింది. ఖండించలేదు. పైగా తెల్ల చొక్కాకి ఇస్త్రీ మొదలుపెట్టాడు. జేబులో పెన్ను కూడా చేరింది.

"ఆ పెన్ను దేనికండీ, లిఫ్టుకి మందులు రాస్తారా?" అంది భార్య.

"ఊఁ."

"ఊళ్ళోవాళ్ళ గోడంతా మీ చెవుల్లో దూరుతుంది. పొయ్యి మీద కూర మాడుతోంది చూడండి అన్న నా ఒక్క మాట మాత్రం దూరదు."

అప్పుడు ముక్కుకి వాసన తగిలి ఆయన లేచాడు.

పెద్ద డాక్టరు సంగతికి వద్దాం. గొంతు ఆపరేషన్లలో ఆయనంత వాడు లేడని పేరు. మెడలో గడ్డ ఉన్నవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో ఆయన కోసమే వచ్చేవాళ్ళు. వేళ్ళతో ఆయన చీమకి కూడా కుట్లు వెయ్యగలడని, ఒకసారి వేశాడని, ఆ చీమ నడుచుకుంటూ వెళ్ళిపోయిందని అటెండర్లు చెప్పుకునేవాళ్ళు. ఆయన లిఫ్టు ఎక్కితే బాబాయిని తనే పలకరించేవాడు.

"ఏం డాక్టరుగారూ, నా ప్రాక్టీసు కన్నా మీ ప్రాక్టీసే బాగున్నట్టుందే?"

"నాదేముంది సార్, తమరు కోస్తారు, నేను మోస్తాను."

ఒక మధ్యాహ్నం ఆయన ఒక్కడే ఎక్కాడు. నాలుగు దాటుతుండగా, "ఇక్కడేగా నీ లిఫ్టుకి అలుపొచ్చేది? ఆపు" అన్నాడు.

బాబాయి ఆపాడు. పెద్ద డాక్టరు గేటు బయటి ఇటుకల్ని కింద నుంచి పైకి లెక్కపెట్టాడు. చివరికి, "పదిహేడు వరసలు" అన్నాడు. అంతే. రెండోసారి ఆగినప్పుడు చెప్పాడు.

"మొన్న దారం ముడి వేస్తుంటే చూపుడువేలు నా మాట వినలేదయ్యా. ఊరికే ఉన్నప్పుడు బాగానే ఉంటుంది. నీళ్ళ గ్లాసు పట్టుకుంటా, కారు నడుపుతా. సన్నటి పని పట్టుకున్నప్పుడే వణుకుతుంది. ఇంకా ఎవరూ చూడలేదు."

"ఊఁ."

మూడోసారి భార్యకి కూడా చెప్పలేదన్నాడు. నాలుగోసారి చేతిని తిట్టాడు. అయిదోసారి తన కింద పని చేసే చిన్న డాక్టరమ్మ గురించి మాట్లాడాడు. "ఆ అమ్మాయికి చెయ్యి ఉంది. నాకు పేరు ఉంది. జనం చేతి కోసం రారయ్యా, పేరు కోసం వస్తారు. రేపట్నించి కత్తి నువ్వు పట్టు అని ఆ అమ్మాయితో అనాలంటే..." అని ఆగిపోయాడు. ఆరోసారి నవ్వాడు కూడా.

"ఇంకో రెండుసార్లు ఇక్కడ ఆపు బాబాయ్. ఆ అమ్మాయితో ఏమనాలో నాకే తెలిసిపోయేట్టుంది."

ఎన్నో రహస్యాలు మోసినవాడే అయినా బాబాయికి ఈ ఒక్కటీ బరువైంది. మిగతావాళ్ళు చెప్పినవి జరిగిపోయిన సంగతులు. ఇది జరగబోయేది. స్ట్రెచరు మీద ఎవరినైనా ఆరో అంతస్తు ఆపరేషన్ గదికి తీసుకెళ్తుంటే ఆయన చూపు ఆ మనిషి మెడ మీదికి పోయేది.

సరిగ్గా ఆ వారంలోనే వేలం ఆయన చేరాడు. కూరగాయల మార్కెట్లో తెల్లారుజామున వేలం పాడే మనిషి. గొంతు గంట. ఆయన టమాటాల దగ్గర పాడితే ఉల్లిపాయల షెడ్డులో నిద్రపోతున్నవాళ్ళు లేచి ధర చెప్పేసేవాళ్ళట. ఆ గొంతు కిందే నిమ్మకాయంత గడ్డ లేచింది. ఆయన భార్య కూడా మార్కెట్టు మనిషే. రోజుకి పదిసార్లు లిఫ్టు ఎక్కేది. శుక్రవారం సాయంత్రం ఒక్కతే ఎక్కింది. ఊపిరి తీరు విని బాబాయి హ్యాండిలు మధ్యకి తిప్పాడు.

"మంగళవారం ఆపరేషన్ అంటున్నారు బాబాయ్."

"ఊఁ."

"ఆ గడ్డ వెనకాలే వెంట్రుకంత నరం ఉంటుందట. దానికి తగిలితే మాట పోతుందట. ఆయనకి గొంతు తప్ప ఏముంది బాబాయ్? చదువా, పాడా? నిద్రలో కూడా ఒకటోసారి, రెండోసారి అంటుంటాడు. గొంతు పోతే ఆ మనిషి బతికి ఏం చేస్తాడు?"

"ఊఁ."

"పెద్ద డాక్టరు మంచోడేనా?"

బాబాయి ఊఁ అనలేదు.

"అందర్నీ అడిగా. అందరూ దేవుడు అంటున్నారు. దేవుడి సంగతి మోసేవాళ్ళకే కదా తెలిసేది. మీకు తెలియనిదేముంది బాబాయ్?"

ఆ చివరి మాటే ఆయన్ని కదిపింది. ఒక మనిషి గొంతు పోతుందేమోనన్న భయం కదిపింది, నిజమే. కానీ దాని కింద ఇంకొకటి ఉంది. ఇన్నేళ్ళూ తెలియని సంగతులకి ఊఁ కొట్టాడు. ఇప్పుడు మొదటిసారిగా, ఆ ఏడంతస్తుల్లో ఎవరికీ తెలియనిది తనకి నిజంగా తెలుసు. ఇస్త్రీ చొక్కా లోపల ఛాతీ కొంచెం పొంగింది. ఇరవై ఆరేళ్ళలో ఎన్నడూ లేనిది, బాబాయి స్టూలు మీద వెనక్కి తిరిగాడు.

"ఆయన చెయ్యి వణుకుతోందమ్మా. సన్నటి పనిలో. నాతోనే చెప్పాడు. చిన్న డాక్టరమ్మతో చేయించుకుంటామని అడుగు."

ఆమె ఆయన మొహం వంక చూసింది. ఆ మొహం ఆమెకి కొత్త. అంతవరకూ వీపే తెలుసు.

శనివారం పొద్దున పదింటికి ఆమె మొహం కడిగిన పళ్ళెంలా మెరుస్తూ లిఫ్టు ఎక్కింది.

"అడిగేశా బాబాయ్!"

"ఎవర్ని?"

"ఆయన్నే. పెద్ద డాక్టర్నే. వార్డులోకి వచ్చాడు, వెనకాల చిన్న డాక్టరమ్మ, పుస్తకాలు పట్టుకున్న పిల్లలు పదిమంది, నర్సులు. మీ చెయ్యి వణుకుతుందని లిఫ్టు బాబాయి అన్నాడు సార్, నిజమేనా, అని మొహం మీదే అడిగేశా."

బాబాయి చేతిలో హ్యాండిలు జారింది. లిఫ్టు మూడో అంతస్తు దగ్గర జానెడు కిందకి ఆగింది.

"నా పేరు చెప్పావా తల్లీ?"

"చెప్పకపోతే ఎలా? మా మార్కెట్లో సరుకు పుచ్చని అనుమానమొస్తే అమ్మేవాడి ముందే, నలుగురూ వినేట్టు అడుగుతాం. ఎవరన్నారో కూడా చెప్తాం. చాటున అనుకుంటే అది చాడీ అవుతుంది బాబాయ్. ఆయనేం కోప్పడలేదు. నవ్వాడు. కుడిచెయ్యి చాపి, అరచేతిలో నిండా నీళ్ళున్న గ్లాసు పెట్టమన్నాడు. నిమిషం సేపు! ఒక్క చుక్క ఒలికితే ఒట్టు. పిల్లలంతా చప్పట్లు కొట్టారు. 'ఈ చేత్తోనే మంగళవారం నేనే చేస్తానమ్మా, చాలా?' అన్నాడు. నాకు గుండె మీద బండ దిగిపోయింది."

నీళ్ళ గ్లాసు పట్టుకుంటా, కారు నడుపుతా. బాబాయికి ఆ మాటలు చెవుల్లో మోగాయి.

"అమ్మా, గ్లాసు కాదు... సన్నటి పని..."

"ఏమనుకోకండి బాబాయ్," అంది ఆమె, చాలా మర్యాదగా, చిన్నపిల్లవాడికి చెప్పినట్టు. "లిఫ్టు సంగతి మీకు తెలుసు. చేతుల సంగతి ఆయనకి తెలుసు. మీరు నా మీద ప్రేమ కొద్దీ భయపడ్డారు."

ఏడ్వడానికి ఆయన పనికొస్తాడు. ఎక్స్‌రే చూడటానికి కూడా పనికొస్తాడు, మంచి మాటే చెప్తాడు కనక. చెడ్డమాట చెప్పేసరికి ఆయన లిఫ్టు నడిపేవాడు.

ఆ మధ్యాహ్నం పెద్ద డాక్టరు ఎక్కాడు. ఒక్కడే. పలకరించలేదు. నాలుగు దాటాక బాబాయి అలవాటు కొద్దీ హ్యాండిలు మధ్యకి తిప్పబోయాడు.

"నడిపించు," అన్నాడు పెద్ద డాక్టరు.

ఆ రోజు తర్వాత ఆయన మెట్లెక్కి వెళ్ళడం మొదలుపెట్టాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, ఆరంతస్తులు. గేటు సందుల్లోంచి ఆయన బూట్లు ఒక్కో మెట్టూ ఎక్కడం బాబాయికి కనపడేది.

సోమవారమంతా బాబాయి తిరిగాడు, అంటే ఆయన తిరగగలిగిన మేరకు. చిన్న డాక్టరమ్మ ఎక్కినప్పుడు గొంతు సవరించుకున్నాడు. లిఫ్టులో ఇంకా నలుగురున్నారు. ఆమె ఆయన వీపు వంక కూడా చూడకుండా మూడులో దిగిపోయింది. దిగుతూ, "ఇలాంటి పుకార్లు పుట్టిస్తే పేషెంట్లు భయపడతారు బాబాయ్. ఆయన మా గురువుగారు" అంది. అంతకు మించి ఎవరితో చెప్పాలో ఆయనకి తెలియలేదు. ఆఫీసు గదికి వెళ్ళి ఏమని చెప్తాడు? ఇటుకలతో చెప్పుకుంటుంటే విన్నానని చెప్తాడా?

మంగళవారం పొద్దున గంట రెండుసార్లు మోగింది. స్ట్రెచరు మీద వేలం ఆయన. తలకి ఆకుపచ్చ టోపీ, మెడ మీద పెన్నుతో గీసిన గీత. పక్కన నర్సు. ఆయనకి భయం వేసి నోరు ఎక్కువైంది.

"ఏం బాబాయ్, ఇవాళ మొహం వేలాడేశారేంటి? మిమ్మల్ని వేలం వేసేస్తానుండండి! పాత లిఫ్టు, పాత బాబాయి, రెండూ కలిపి ఒకటే కుప్ప! పాటెవరిది? నర్సమ్మా, నువ్వు పాడతావా?"

"మాట్లాడకండి," అంది నర్సు నవ్వాపుకుంటూ.

"ఒకటోసారీ..." ఆ గొంతుకి లిఫ్టు గేటు జల్లుమంది. "రెండోసారీ..." ఆరో అంతస్తు వచ్చేసింది. స్ట్రెచరు కదులుతుండగా ఆయన వేలు పైకెత్తాడు. "మూడోసారి తిరిగొచ్చాక చెప్తా! అప్పటిదాకా ఎవరికీ అమ్ముడుపోకండి!"

ఆపరేషన్ గంటన్నర అనుకున్నది మూడు గంటలు పట్టింది. సాయంత్రం అదే స్ట్రెచరు మీద, మెడ చుట్టూ కట్టుతో వేలం ఆయన అయిదో అంతస్తుకి దిగాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. బాబాయిని చూసి పెదాలు కదిపాడు. గాలి వచ్చింది. గాలి ఒక్కటే వచ్చింది.

మత్తు దిగితే వస్తుందన్నారు. వాపు తగ్గితే వస్తుందన్నారు. పది రోజులకి, రాదన్నారు. నరం దెబ్బతిందట. ఎవరి చేతిలోనైనా, ఎంత గొప్పవాడి చేతిలోనైనా నూటికి ఒకరిద్దరికి అలా జరుగుతుందట. ఆ మాట వాళ్ళు సంతకం పెట్టిన కాగితంలోనే ఉంది. అది అబద్ధం కాదు. ఆ నూటిలో ఒకడు వేలం ఆయనేనా, లేక ఆ చూపుడువేలు ఆ రోజు మాట వినలేదా, ఆ సంగతి ఏ కాగితంలోనూ లేదు.

మూడు వారాలకి పెద్ద డాక్టరు రాజీనామా ఇచ్చాడని తెలిసింది. విశ్రాంతి కోసమని అన్నారు. వెళ్ళే రోజు చేతిలో పుస్తకాల అట్టపెట్టె ఉంది కాబట్టి మెట్లు దిగలేక లిఫ్టు ఎక్కాడు. అయిదు దాటి కిందకి వస్తుండగా, "ఆపు" అన్నాడు.

బాబాయి ఆపాడు. వెనక్కి తిరగలేదు.

"రెండుసార్లు మిగిలున్నాయన్నాను గుర్తుందా?" అన్నాడు పెద్ద డాక్టరు ఇటుకలతో. "ఆ రెండుసార్లు ఆగి ఉంటే సోమవారానికి కత్తి ఆ అమ్మాయికి ఇచ్చేసేవాణ్ణి. మనసులో దాదాపు ఇచ్చేశాను. చెప్పడమే మిగిలింది. పదిహేను మంది ముందు చెయ్యి చాపి చూపించాక, చప్పట్లు కొట్టించుకున్నాక, ఎలా ఇస్తానయ్యా?"

బాబాయి హ్యాండిలు వంక చూస్తూ కూర్చున్నాడు.

"నిన్ను అనడం లేదు. ఆవిడా తప్పేం అడగలేదు. అడగాల్సిందే అడిగింది." పెట్టె ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "నువ్వు జవాబు చెప్తావని నీకు చెప్పలేదు. చెప్పవనే చెప్పాను. సరే. నడిపించు."

ఆ సాయంత్రం ఇంట్లో బాబాయి భోజనం ముందు కూర్చుని చెయ్యి కడగలేదు. భార్య చూసింది. పళ్ళెం పక్కకి జరిపి ఎదురుగా కూర్చుంది.

"చెప్పండి."

"ఊఁ."

"ఊఁ కాదు. ఏదో ఉంది. నెల రోజుల్నించీ ఉంది. చెప్పండి, వింటా."

ఆయన నోరు తెరిచాడు. ఎక్కడ మొదలుపెట్టాలి? పెద్ద డాక్టరు దగ్గరా, ఆ నీళ్ళ గ్లాసు దగ్గరా, స్టూలు మీద వెనక్కి తిరిగిన దగ్గరా? ఇన్నేళ్ళలో వందలమంది ఆయన ముందు మొదలుపెట్టారు, ఎంత తేలిగ్గా మొదలుపెట్టారో. ఆయన ఎదురుగా కళ్ళున్న మొహం ఉంది. ఆ కళ్ళు జాలిగా చూస్తున్నాయి. జాలిని చూస్తూ ఆ మాట చెప్పడం ఆయన వల్ల కాలేదు.

"ఏంటండీ, మీ పెట్టెలోకి రమ్మంటారా? అక్కడైతేనే చెప్తారా?" అంది భార్య. నవ్విద్దామని అంది. ఆయన మొహం చూసి లేచి వెళ్ళి అన్నం వేడి చేసింది.

వేలం ఆయన నెలకి రెండుసార్లు చూపించుకోవడానికి వచ్చేవాడు. మాట పూర్తిగా పోలేదు. గుసగుస మిగిలింది, ఎండుటాకుల మీద చీమ నడిచినంత. మార్కెట్లో ఆయన చోట ఇంకెవరో పాడుతున్నారు. ఆయన్ని బస్తాలకి గుర్తులు వెయ్యమన్నారు. లిఫ్టులో ఆయన ఒక మాట చెప్పడానికి నాలుగుకీ అయిదుకీ మధ్య చాలాసేపు ఆగాల్సి వచ్చేది. బాబాయి చెవి దగ్గరికి వంగి చెప్పేవాడు.

"ఇంట్లో... నేను మొదలుపెడితే... వాళ్ళే పూర్తి చేసేస్తారు బాబాయ్. నీళ్ళా? దిండా? ఫ్యానా? అంటారు. నేను చెప్పబోయింది... వేరే."

"ఊఁ."

"మీరు... ఆగుతారు."

'మూడోసారి' అన్న మాట ఆయన ఎత్తలేదు. బాబాయీ ఎత్తలేదు.

ఒక రోజు ఆయన్ని కింద కూర్చోబెట్టి, అయిదులో కాగితాల కోసం ఆయన భార్య ఒక్కతే లిఫ్టు ఎక్కింది. మనిషి సగమైంది. నాలుగు దాటాక బాబాయి ఆపాడు. ఆమె ఏడ్వలేదు. ఇటుకల వంక కూడా చూడలేదు. ఆయన వీపు వంకే చూస్తోందని ఆయనకి తెలుస్తోంది.

"బాబాయ్. ఒక్కటి అడుగుతా. నిజం చెప్పండి."

"ఊఁ."

"ఆ రోజు నేను అందరి ముందూ అలా అడక్కపోయి ఉంటే, వేరేగా జరిగేదా? నేను అడగడం వల్ల ఆయన పంతం కొద్దీ చేశాడా? రోజూ ఇదే. పొయ్యి ముందు ఇదే, పడుకుంటే ఇదే. మా ఆయన పెదాలు కదిపినప్పుడల్లా నన్నే అడుగుతున్నట్టుంటుంది. ఎవర్ని అడిగినా ఊరుకో ఊరుకో అంటారు. మీరైతే చెప్తారు. మీరు ముందే చెప్పారు, నేనే వినలేదు. మీకు తెలియనిదేముంది?"

జవాబు ఆయన దగ్గరే ఉంది. ఆ ఊళ్ళో అది తెలిసినవాళ్ళు ఇద్దరే, ఒకాయన అట్టపెట్టె పట్టుకుని వెళ్ళిపోయాడు. అడక్కపోతే వేరేగా జరిగేదమ్మా. నువ్వు అడగడం వల్లే. నువ్వు అడిగింది నేను చెప్పడం వల్ల. ఈ మాటలు బయటికి వస్తే ఆయనకి తేలికవుతుంది. సగం బరువు దిగుతుంది. దిగి, ఆమె మీద పడుతుంది.

బాబాయి స్టూలు మీద వెనక్కి తిరిగాడు. రెండోసారి. ఈసారి కావాలనే ఆమె కళ్ళలోకి చూశాడు, అబద్ధం ఆడేవాడు చూడాల్సినట్టే.

"లేదమ్మా. నాకు తెలుసు. పెద్ద డాక్టరే స్వయంగా చెప్పాడు నాతో, వెళ్ళేటప్పుడు. నువ్వడిగినా అడక్కపోయినా ఆయనే చేసేవాడట. ఆ నరం చోటు తప్పి ఉందట మీ ఆయనకి, పుట్టుకతోనే. చిన్న డాక్టరమ్మ చేసినా అంతేనట. నీ ప్రమేయం వెంట్రుకంత లేదు."

నరాలు చోటు తప్పుతాయో లేదో ఆయనకి తెలియదు. పెన్ను జేబులో ఉంది, చొక్కా తెల్లగా ఉంది.

ఆమె ఆయన మొహంలోకి చూసింది. ఆ రోజు నిజం చెప్తే నలుగురి ముందూ తేల్చుకోవడానికి వెళ్ళిన మనిషి. ఈ రోజు ఎవర్నీ అడగలేదు. గేటు పట్టుకుని నెమ్మదిగా కిందికి జారి, లిఫ్టు నేల మీద కూర్చుని, అప్పుడు ఏడ్చింది. చాలాసేపు ఏడ్చింది. లేచి మొహం తుడుచుకుంది.

"చల్లటి మాట చెప్పారు బాబాయ్. నేనీ రోజు నిద్రపోతాను."

అయిదులో ఆమెను దించాడు. గేటు మూసి, కిందకి హ్యాండిలు తిప్పి, నాలుగు రాకముందే ఆపేశాడు. లిఫ్టులో ఎవరూ లేరు. స్టూలు దిగి, జనం నిలబడే చోటికి వెళ్ళి, వాళ్ళలాగే గేటు పట్టుకుని నిలబడ్డాడు. ఇరవై ఆరేళ్ళలో అక్కడ నిలబడటం అదే మొదలు. ఎదురుగా పదిహేడు వరసల ఇటుకలు. స్టూలు ఖాళీగా ఉంది.

చెప్పుకోవడానికి ఇంతకంటే మంచి చోటు లేదని ఆయనకే బాగా తెలుసు. నోరు తెరిచాడు.

"ఊఁ," అని వచ్చింది.

మళ్ళీ ప్రయత్నించాడు. మళ్ళీ అదే వచ్చింది.

కింద గంట మోగింది. ఒకటి. వెంటనే రెండోది. బాబాయి వెళ్ళి స్టూలు మీద కూర్చుని, హ్యాండిలు కిందకి తిప్పాడు.